బావ పడవకు తూకం

కోరుట్లలో మా అక్క వాళ్లింట్లో బీరువా మీద, పాత దుప్పటి చుట్టిన ఒక పడవ ఉండేది. భుజం నుంచి వేళ్ల కొసల దాకా నా చెయ్యి ఎంత పొడవుందో అదీ అంతే. మా బావ చాలా ఏళ్లు గల్ఫ్‌లో, పడవలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. ఇక వెళ్లనని తిరిగొచ్చేసినప్పుడు అందరూ తెచ్చే సబ్బులు, అత్తరు సీసాలు, పూల దుప్పట్లతో పాటు దాన్నీ తెచ్చాడు. మొదటిసారి చూసి నేను పిల్లల బొమ్మ అనుకున్నాను. ఆయన నవ్వి, మూత తీసి, లోపల మోటారు కూర్చునే చోటు చూపించి, నీళ్ల మీద ఇది మోటారు సైకిల్‌ను దాటిపోతుందన్నాడు.

అక్కడ శుక్రవారాలు సెలవు. వర్క్‌షాపు వాళ్లంతా సముద్రపు పాయ ఒడ్డున చేరి ఇలాంటి రిమోట్ పడవలతో పందేలు పెట్టుకునేవాళ్లట. ఈయన పందెంలో దిగేవాడు కాదు. అందరి పడవలకూ తూకం సరిచేసి ఇచ్చేవాడు. ఇది మాత్రం తన కోసం కొనుక్కున్న ఖాళీ డొల్ల. మోటారు, బ్యాటరీలు, రిమోట్ వేరువేరు డబ్బాల్లో ఉండేవి. ఊళ్లో తీరిగ్గా కూర్చుని బిగించుకుంటానన్నాడు.

ఆ తీరిక రాకముందే పక్షవాతం వచ్చింది. కుడికాలు కొన్ని నెలలకు దారికొచ్చింది, ఈడుస్తూ నడుస్తాడు. మాట సగం వచ్చింది. పొద్దున బాగానే ఉంటుంది, అలసిపోతే మధ్యలో ఆగిపోతుంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. పిడికిలి సగం మూసుకుని ఒళ్లో పడి ఉండేది.

జగిత్యాలలో ఫిజియోథెరపీ చేసే ఆమె దగ్గరికి నేనే తీసుకెళ్లేవాణ్ణి. స్పాంజి బంతి ఇచ్చి రోజూ పిసకమంది. ఆయన ఇంటికి రాగానే దాన్ని మంచం కిందికి విసిరేశాడు. ఇంకోసారి వెళ్లినప్పుడు ఆమె వేళ్లు ఒక్కొక్కటే తెరిచి చూసి, నన్ను బయటికి పిలిచి దాచకుండా చెప్పింది. వానాకాలం దాటేలోగా ఈ చేతికి పని అలవాటు కాకపోతే వేళ్లు ఇలాగే బిగుసుకుపోతాయి, ఆ తర్వాత నేను చేసేదీ పెద్దగా ఉండదు అంది. బంతి ఇష్టం లేకపోతే మరేదైనా ఇవ్వండి, తిప్పే పని అయితే ఇంకా మంచిది, ఆయనకు ఆయన చెయ్యాలనిపించేది ఏదో మీరే చూసుకోండి అంది.

కోరుట్ల బస్సులో ఆయన పక్కన కూర్చుని అదే ఆలోచించాను. తిప్పే పని. అప్పుడు నాకు పడవ రిమోట్ గుర్తొచ్చింది. అది పిస్తోలులా ఉంటుంది. ఎడమచేత్తో పట్టుకుని చూపుడువేలితో గుర్రం, అంటే ట్రిగ్గర్, నొక్కితే పడవ వేగం అందుకుంటుంది. పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని కుడిచేత్తో తిప్పితే పడవ మళ్లుతుంది.

ఇంటికి వెళ్లగానే డబ్బా దించి రిమోట్ ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, బీరువా మీదికి చూశాడు.

"నడిసే పడవైతే పట్టుకుంట," అన్నాడు. "బీరువ మీది పడవకు రిమోటెందుకు?"

ఆ మాట పట్టుకున్నాను. సరే, నడిపిస్తాను అనుకున్నాను.

నేను సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేస్తాను. మా ఊళ్లో వాటిని సాంచాలంటాం. మా నాన్న క్రైస్తవ సంఘంలో ఉపదేశిగా ఉండి సైకిల్ మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పేవాడు. నాకు అక్షరాలు వచ్చిందే ఆ వాక్యం చదవడానికి. ఇప్పుడు సంఘంలో నేను పెద్దల్లో ఒకణ్ణి. ఆదివారం ఆరాధనకు ముందు పిల్లలకు పాఠం చెబుతాను. బావ కోసం సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. ఆయన కాదనలేదు గానీ, "మీ ప్రార్థన పొడుగు, నా ఓపిక పొట్టి" అని మొదటి నుంచీ అనేవాడే. దేవుడు చెయ్యి తిరిగి ఇస్తాడని నాకు సందేహం లేదు. కానీ అడిగినవాడు అడిగిన చోటే కూర్చుంటే ఎట్లా? నా వంతు పని నేను చెయ్యాలి. శనివారం మధ్యాహ్నం దాకా సాంచాల పని చూసుకుని, వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కి, రాత్రికి అక్కడే ఉండి, తెల్లవారే బస్సుకు ఆరాధన వేళకు సిరిసిల్ల చేరేటట్టు ఏర్పాటు చేసుకున్నాను.

మొదటి రెండు శనివారాలు బిగింపుకే పోయాయి. మోటారు నుంచి వెనక పంకాకు కదలిక తీసుకెళ్లేది గట్టి కడ్డీ కాదు, మెలితిప్పిన తీగలాంటి షాఫ్టు. అది సన్న గొట్టంలోంచి పోతుంది. మోటారూ గొట్టమూ ఒకే గీత మీద లేకపోతే తీగ ఒరుసుకుని వేడెక్కుతుంది. ఈ పని నాకు తెలిసిందే. సాంచాలో ఇరుసు వెంట్రుకవాసి పక్కకు పోతే వారంలో బేరింగు అరుస్తుంది. మోటారు కింద పల్చటి రేకు ముక్కలు పెడుతూ తీస్తూ, వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగేదాకా కూర్చున్నాను. గ్రీజు పెట్టాను. తిరిగేటప్పుడు తీగ మెలి బిగిసి కొంచెం పొట్టిదవుతుందని డబ్బాలోని కాగితంలో బొమ్మ వేసి ఉంది. అందుకని పంకా దగ్గర బియ్యపు గింజ పట్టేంత సందు వదిలాను.

పంకా తూకం ఆ తర్వాత. అది రెండు రెక్కల ఇత్తడి రంగు లోహపు ముక్క, నా బొటనవేలంత. నిమిషానికి వేల చుట్లు తిరిగే దానికి ఒక రెక్క బరువైతే పడవంతా వణుకుతుంది. రెండు బ్లేడులను చెక్కలో నిటారుగా గుచ్చి, వాటి అంచుల మీద పంకాను సన్న కడ్డీతో అడ్డంగా ఉంచాను. బరువైన రెక్క నెమ్మదిగా కిందికి దిగింది. దాని వీపు ఆకురాయితో రెండుసార్లు గీరి మళ్లీ ఉంచాను. ఎటు ఉంచితే అటే ఆగే దాకా గీరుతూనే ఉన్నాను. అక్క వచ్చి చూసి, బంగారప్పని నేర్చుకుంటున్నవా అంది. బావ మంచం మీద నుంచి తల తిప్పకుండా కళ్లతోనే చూస్తున్నాడు. పంకా అడ్డంగా నిలబడిపోయినప్పుడు "ఆఁ" అన్నాడు. ఆ నెలలో ఆయన నా పనికి ఇచ్చిన ఒకే ఒక్క మెప్పు అది.

వైర్ల అతుకులు మాత్రం నా చేతికి లొంగలేదు. జగిత్యాలలో మోటార్లు, ఇన్వర్టర్లు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. వేలంత మందం వైర్లు చూసి ఆయన కళ్లజోడు పైకి జరుపుకున్నాడు.

"భాయ్, గిండ్ల వెల్డింగ్ మిషనంత కరెంట్ పోతది. అతుకు సరిగ్గ కాలక ఠండ పడ్డదనుకో, నీళ్ల మీద నీకు దీపావళే."

నమాజ్ వేళయింది, వచ్చి చేస్తానన్నాడు. దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాను. పని మధ్యలో దేవుని ముందుకు వెళ్లొచ్చేవాడి చేతి మీద నాకు ఎప్పుడూ నమ్మకమే. వచ్చి, ఒక్కొక్క అతుకూ మెరిసే దాకా కాచి, గట్టిగా లాగి చూసి మరీ ఇచ్చాడు. నీళ్లతో చల్లబరిచే సన్న పైపులు మోటారు చుట్టూ ఎటు నుంచి ఎటు తిప్పాలో కూడా ఆయనే చెప్పాడు. ముందు నీళ్లు మోటారు వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్‌లోకి, అక్కడి నుంచి మోటారుకు, ఆ తర్వాత పడవ పక్కన చిల్లులోంచి బయటికి. ఆ చిల్లులోంచి నీటి ధార కనబడితేనే వేగం పెంచు, లేకపోతే ఆపెయ్ అన్నాడు.

ఇక మిగిలింది బరువు సర్దడం. తప్పు చేసింది ఇక్కడే. చెయ్యి జారి చేసింది కూడా కాదు. బాగా ఆలోచించి, నమ్మకంతో చేశాను.

తూకం అనే మాట మీద నాకు చిన్నప్పటి నుంచీ పట్టింపు. దొంగ త్రాసును దేవుడు సహించడని మా నాన్న బజారులో కూరగాయల తక్కెడ చూసినప్పుడల్లా చెప్పేవాడు. నేనూ సంఘంలో ఆ సంగతి మీద ఎన్నోసార్లు మాట్లాడాను. రెండు పక్కలా సమంగా నిలవడమే నీతి అని నాలో పాతుకుపోయింది. అక్క వాళ్ల పెరట్లో నీళ్లు పట్టే పెద్ద సిమెంటు గోలెం ఉంది. పడవను అందులో వదిలి, రెండు బ్యాటరీలను సరిగ్గా నడుమ పెట్టి, మూత మీద మేస్త్రీలు వాడే స్పిరిట్ లెవెల్ ఉంచాను. బుడగ కొద్దిగా పక్కకు పోయింది. వల అంచుకు కట్టే సీసపు గుండ్లు తెచ్చి ఒక్కొక్కటి అతికించాను. చివరికి బుడగ రెండు గీతల మధ్య కదలకుండా నిలబడింది. ముందూ వెనకా కూడా అంతే, గోలెంలో నీటి గీత పడవ చుట్టూ ఒకే ఎత్తున ఉంది. నాకెంత ఆనందమైందంటే, వచ్చే ఆదివారం పిల్లలకు ఈ పడవనే చూపించి న్యాయమైన తూకం గురించి పాఠం చెప్పాలనుకున్నాను.

బావను కుర్చీలో కూర్చోబెట్టి గోలెం దగ్గరికి తెచ్చాం. ఆయన చూసి ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

"గట్ల గాదు," అన్నాడు. "నిలవడ్డప్పుడు... నిలవడ్డప్పుడు గాదు..."

మాట ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, పదం రావడం లేదు. నేను సాయం చేస్తున్నాననుకుని అందుకున్నాను. నిలబడ్డప్పుడు సమంగా ఉంటే ఉరికేటప్పుడూ సమంగానే ఉంటది, అంతే గదా బావా అన్నాను. ఆయన నోరు మూసేశాడు. కుర్చీని ఇంట్లోకి తిప్పమని అక్కకు సైగ చేశాడు. అలసిపోయాడనుకున్నాను.

మొదటిసారి కోరుట్ల బయట చెరువులో వదిలాను. బావను తీసుకెళ్లలేదు. ముందు నడవనీ, తర్వాత చూపిస్తాననుకున్నాను. మూత చుట్టూ టేపు వేశాను. మునగకుండా లోపల ఖాళీల్లో థర్మాకోల్ ముక్కలు కుక్కాను. కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి గుర్రం కొంచెం నొక్కాను. పడవ బాతులా కదిలింది. పక్క చిల్లులోంచి నీటి ధార సన్నగా వచ్చింది. సగం నొక్కాను. ముక్కు పైకి లేపి ఉరికింది. నా గుండె కూడా దాంతోనే ఉరికింది. పూర్తిగా నొక్కాను. అది కుడిపక్కకు ఒరిగింది. చుక్కాని ఎడమకు తిప్పినా కుడికే గుంజుకుంది, కుడి అంచు నీళ్లను కోసింది, ఒక్క పల్టీ కొట్టి వెల్లకిలా పడి ఆగింది. అంతా నాలుగైదు క్షణాలు.

థర్మాకోల్ తెప్ప మీద చేపలు పడుతున్న ఒకాయన దాన్ని తోసుకుంటూ తెచ్చిచ్చాడు. "గిదేం చేప సారూ, ఈత రాదా దీనికి?" అన్నాడు. గట్టు మీద గేదెలు కాసే ఇద్దరు అప్పటి దాకా నవ్వు ఆపుకున్నవాళ్లు ఇక ఆపుకోలేదు.

ఇంటికి వెళ్లి బావకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు. "కుడికా?"

"ఔ బావా, కుడికి."

తల ఊపి గోడవైపు చూశాడు. చూడకుండా నీకెట్లా తెలిసిందని నేను అడగనేలేదు. నా తూకంలోనే ఇంకా ఎక్కడో తేడా ఉందని, దాన్ని పట్టుకోవాలని నా తల నిండా అదే. సిరిసిల్లలో బంగారం తూచే కాటా మీద రెండు బ్యాటరీలు పెట్టించాను. రెండింటికీ రెండు గోరింటాకుల బరువంత తేడా వచ్చింది. దొంగ దొరికాడని సంబరపడ్డాను. ఆ తేడాకు సరిపడా సీసం అతికించాను. గోలెంలో బుడగను మళ్లీ నడుమకు తెచ్చాను. ఆ వారం శుక్రవారం ఉపవాసం కూడా ఉన్నాను.

రెండోసారి ఇంకా వేగంగా కుడికి ఒరిగి ఇంకా గట్టిగా పల్టీ కొట్టింది. చుక్కాని వంగింది.

తడిసిన పడవను వంటింటి గడపలో పెట్టి తుడుస్తుంటే అక్క టీ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పటికే శ్రావణం వచ్చేసింది. వానాకాలం దాటేలోగా అన్న మాట మా ఇద్దరికీ గుర్తుంది. ఆ పూట ఉదయమే ఆమె ఆయన వేళ్లు తెరిచి కొబ్బరినూనె రాయబోతే చిటికెన వేలు రాలేదట.

"రెండుమాట్లు ముంచినవ్. ఒక్కసారన్న ఆయన్ని అడిగినవా తమ్మీ?" అంది.

"అడిగిన గదక్కా. గోలెం కాడ అడిగిన."

"అడుగుడు అడుగుతవ్. జవాబు నువ్వే చెప్తవ్. ప్రార్థన గూడ గట్లనే చేస్తవేమో మరి."

నవ్వుతూనే అంది. నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. సంఘంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతూ మాట తడబడితే, వాళ్ల వాక్యం నేను పూర్తి చేసే అలవాటు ఉంది. అందరూ అది నా మంచితనమనే అంటారు. నేనూ అదే అనుకున్నాను. గోలెం దగ్గర బావ పెదవులు కదులుతుండగా నేను మాట్లాడిన తీరు అప్పుడు నా కళ్ల ముందు ఆడింది. పడవ రెండుసార్లు పల్టీ కొట్టడానికి ముందే నేనొక మనిషిని ఒకసారి పడేశాను.

పడవను తీసుకెళ్లి బావ మంచం పక్కన స్టూలు మీద పెట్టి కింద కూర్చున్నాను. తప్పయింది బావా, చెప్పు అన్నాను. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆయన మొదలుపెట్టాడు, ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. నా నాలుక మీదికి నాలుగు మాటలు వచ్చాయి, నాలుగూ మింగాను. ఎంతసేపో తెలియదు. పక్కింట్లో కుక్కర్ కూతలు ఆగిపోయి, వాళ్లు తిని గిన్నెలు కడిగే చప్పుడు కూడా వచ్చింది.

"పంక తియ్యి," అన్నాడు చివరికి. "మోటరుండని. చేతుల పట్టుకో. గట్టిగ పట్టకు... పిట్టను పట్టినట్టు పట్టు."

పంకా తీసేసి, బ్యాటరీలు కలిపి, పడవను రెండు అరచేతుల మీద తేలికగా పట్టుకున్నాను. వెనక భాగం నా పొట్ట వైపు, ముక్కు ఆయన వైపు. ఆయన ఎడమచెయ్యి చాపాడు. రిమోట్ అడుగుతున్నాడని అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అక్క అందించింది. దాన్ని అందరికంటే సులువుగా, పాత పనిముట్టును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చూపుడువేలితో గుర్రం ఒక్కసారి టక్కున నొక్కి వదిలాడు.

నా చేతుల్లో పడవ గింజుకుంది. కుడి అంచు కిందికి, ఎడమ అంచు పైకి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

"ఎటు తిరిగింది?"

"కుడికి."

"పంక ఎడమకు తిరుగుతది. పడవ కుడికి తిరగవడ్తది. నీ డ్రిల్లింగ్ మిషన్... చెయ్యి గుంజదా?"

గుంజుతుంది. ఇరవై ఏళ్లుగా గుంజుతూనే ఉంది. ఇనుములోకి బిట్టు దిగేటప్పుడు మిషన్ నా మణికట్టును ఎదురు తిప్పుతుంది, నేను తెలియకుండానే దానికి అడ్డంగా భుజం పెడతాను. నా భుజానికి తెలిసింది నాకు తెలియలేదు.

"మరి బరువెటు పెడ్తవ్?"

"ఎడమకు."

"గిప్పుడు పెద్దమనిషివైనవ్," అన్నాడు బావ. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మిగిలింది కూడా ఆయన ఆ రోజూ తర్వాతి శనివారమూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నేను అతికించిన సీసమంతా పీకించాడు. బ్యాటరీలను నడుమ నుంచి ఎడమకు వేలు వెడల్పు జరిపించాడు. ముందూ వెనకా సమంగా ఉండడం కూడా తప్పే. అలా ఉంటే ముక్కు నీళ్లను దున్నుతుంది. పడవ పొడవును మూడు భాగాలు చేసి, వెనక నుంచి మొదటి భాగం ముగిసే చోటుకు కొంచెం ఇవతల, రెండు వేళ్ల మీద ఎత్తితే నిలబడాలన్నాడు. వెనక అంచుకు రెండు చిన్న రేకులుంటాయి. ఉరికేటప్పుడు నీళ్లను కిందికి నొక్కి పడవను నిలబెట్టేవి అవే. కుడివైపు రేకును పెళ్లి కార్డు మందమంత కిందికి దించమన్నాడు. పంకాను పట్టి ఉంచే లోహపు కాడ పడవ అడుగుకు సమాంతరంగా ఉందో లేదో చూడటానికి స్కేలు కాదు, తన ఎడమచేతి వేలు వాడాడు. వంగిన చుక్కానిని నేను సరిచేసి తెస్తే వెలుతురుకు ఎత్తి పట్టుకోమని ఒక కన్ను మూసి చూశాడు.

అంతా అయ్యాక గోలెంలో వదిలాను. పడవ ఎడమకు ఒరిగి, తోక కిందికి దిగి, బుర్ర పైకెత్తి నిలబడింది. ఎవరికైనా చూపించడానికే సిగ్గుపడేలా ఉంది. నేను స్పిరిట్ లెవెల్ తీయనే లేదు. తీస్తే మళ్లీ చెయ్యి ఊరుకోదని భయం. చెప్పడం చాలా తేలికే గానీ, సమంగా లేనిదాన్ని సరైనదని ఒప్పుకోవడానికి నాకు ఆ రాత్రి మోకాళ్ల మీద చాలాసేపు పట్టింది. తక్కెడ అంగట్లో నిలబడి ఉండే వస్తువు. ఇది ఉరకడానికి పుట్టింది. దీన్ని ఉరికే వేగంలో తూచాలి. దేవుని న్యాయం మారలేదు, నేను కొలిచిన చోటే తప్పు. మరుసటి ఆదివారం పిల్లలకు త్రాసు పాఠం చెప్పలేదు. నేను రెండుసార్లు పడవ ముంచిన సంగతి చెప్పాను. ఎందుకు ముంచానో కూడా చెప్పాను.

మూడోసారి ఒక బుధవారం. కోరుట్ల చెరువులో నీళ్లు నిండి గడ్డి తేలుతోంది, పంకాకు చుట్టుకుంటుంది. అందుకని సిరిసిల్లకూ వేములవాడకూ మధ్య, డ్యాం నీళ్లు వెనక్కి తన్ని పొలాల మీద పరుచుకున్న చోటికి రమ్మన్నాను. అక్క కారు మాట్లాడుకుని బావను తెచ్చింది. నేను ఆ రోజు రెండు సాంచాల పని మానుకుని వెళ్లాను. గాలి తక్కువగా ఉంది. ఆయనను ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం.

ముందు నేను నడిపాను. మెల్లగా పోతున్నంతసేపూ ఎడమకు ఒరిగే ఉంది. సగం నొక్కాను. ఒరుగు తగ్గింది. పూర్తిగా నొక్కాను. అది లేచి, రెండు అంచులూ సమంగా, గోలెంలో నేను ఎన్ని గుండ్లు అతికించినా రానంత సమంగా, నీళ్ల మీద గీత గీసినట్టు పోయింది. వెనక తెల్లటి నురగ తోక లేచింది. మోటారు సన్నగా ఏడుస్తున్నట్టు అరిచింది. నేను స్తోత్రం అన్నాను, గట్టిగానే అన్నాననుకుంటా. వెడల్పుగా తిప్పి ఒడ్డుకు తెచ్చాను. పక్క చిల్లు దగ్గర వేలు పెట్టి చూశాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, మోటారు చల్లగానే ఉంది.

వెనక్కి తిరిగితే బావ ఎడమచెయ్యి చాపి ఉన్నాడు.

"ఇగ తే."

రిమోట్‌ను ముందు తొడల మధ్య ఇరికించుకున్నాడు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి చక్రం మీద పెట్టుకున్నాడు. అక్క వేళ్లు సర్దబోయింది. నువ్వు జరుగు అన్నాడు. చూపుడువేలూ నడిమివేలూ తనంతట తనే చక్రం అంచు మీదికి ఎక్కించుకున్నాడు. చిటికెన వేలు లోపలికే ముడుచుకుని ఉంది. ఆ తర్వాత ఎడమచేత్తో పిడి పట్టుకుని నా వైపు చూసి తల ఊపాడు. నేను మోకాళ్ల లోతు దిగి పడవను వదిలాను.

తిన్నగా పోయింది. ఇంకా తిన్నగా పోతూనే ఉంది. అవతల మునిగిపోయిన తుమ్మచెట్ల మొదళ్లు నీళ్ల మీద నల్లగా కనబడుతున్నాయి. పడవ వాటి వైపే వెళ్తోంది. తిప్పు బావా అనే మాట నా గొంతు దాకా వచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. దవడ బిగుసుకుంది, మెడ మీద నరం లేచింది. చేతి వైపు చూడటం లేదు, పడవ వైపే చూస్తున్నాడు. గుర్రం కొద్దిగా వదిలాడు. పడవ వేగం తగ్గింది. అప్పుడు చక్రం కదిలింది. మొదట మణికట్టుతో తోశాడు, తర్వాత ఆ రెండు వేళ్లు లాగాయి.

పడవ కుడికి మళ్లడం మొదలుపెట్టింది. వంపు చాలా పెద్దది, చెట్ల మొదళ్ల ముందు నుంచే తిరిగింది. సగం తిరిగాక వేళ్లు జారాయి. చక్రం స్ప్రింగుతో నడుమకు వచ్చేసింది, పడవ తిన్నగా పక్క గట్టు వైపు పడింది. ఆయన గుర్రం వదిలేశాడు. పడవ నెమ్మదించి, తుంగలోకి జొరబడి బురదలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

బురద తొక్కుకుంటూ వెళ్లి తెచ్చేసరికి ఆయన మళ్లీ ఎడమచేత్తో కుడిచేతిని చక్రం మీద సర్దుకుంటున్నాడు. అక్క ఆయన వెనక నిలబడి ఉంది. కళ్లు తుడుచుకుంటుంటే నేను చూడనట్టే ఉన్నాను. రెండోసారి వంపు ఇంకా తొందరగా మొదలైంది. మూడోసారి వేళ్లు జారినా మళ్లీ ఎక్కించుకున్నాడు. నాలుగోసారి పడవ పూర్తిగా తిరిగి, ఒడ్డుకు కాస్త అడ్డదిడ్డంగా, మా ముందుకే వచ్చి ఆగింది. అప్పటికి ఆయన చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

బాగుంది బావా, ఇవాళ్టికి చాలు గదా అన్నాను. ఆయన జవాబు చెప్పడానికి సమయం తీసుకున్నాడు. నేను ఆగాను.

"కుడి రేకు ఎక్కువైంది," అన్నాడు. "వచ్చేటప్పుడు ముక్కు నీళ్లను కొడ్తున్నది, చూస్తలేవా? జర లేపు. ఇంకో జత బ్యాటరీలు పెట్టు."

నేను బురదలోనే కూర్చుని రేకు స్క్రూ వదులు చేశాను. తలెత్తి చూస్తే, పడవ నా ఒళ్లో ఆపేసి ఉండగానే, ఆయన చక్రం తిప్పుతున్నాడు. కుడికి, నడుమకు, మళ్లీ కుడికి.